రేసు కారు బ్రేకులూ, రెండు నిమిషాల మౌనమూ

ఆ రోజుల్లో నాకు ‘మామూలు’ అనే మాటంటే మహా చిన్నచూపు. భీమవరం పక్క పల్లె నుంచి నర్సు ఉద్యోగానికి ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ వచ్చి, మొదటి చలికాలమంతా బస్టాపుల్లో గజగజలాడి, రెండో చలికాలానికల్లా సొంత కారు కొనేసినదాన్ని మరి! అది తుప్పు రంగూ ఎరుపు రంగూ కలిసిపోయిన పాత బుల్లి కారు. అయినా సరే, వార్డులో ఎవరి డ్యూటీ ఎప్పుడో రోటా వేసేటప్పుడు “నాకు కారుంది, పొద్దున్నే రాగలను” అని చెబుతుంటే నా మెడ దానంతటదే ఓ అంగుళం సాగేది.

నేనప్పుడు మా పెద్దమ్మ కూతురింట్లో ఉండేదాన్ని. అక్క భర్త సాఫ్ట్‌వేర్ మనిషి. ఇంట్లో ఏ వస్తువు పాడైనా వీడియో చూసి తనే విప్పేసేవాడు కాబట్టి ఆయన్ను స్పానర్ బావ అనేదాన్ని (విప్పినవన్నీ తిరిగి బిగించేవాడని కాదు). ఆ ఏడు కారు తనిఖీకి వెళితే ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయని, మార్చుకోమని చెప్పారు. “దానికి గరాజ్ ఎందుకు, నేను లేనూ?” అన్నాడు బావ. ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. తెర మీద రెండు పెట్టెలు. ఒకటి తెల్లది, ‘రోజువారీ ప్రయాణాలకు’ అని రాసి ఉంది. రెండోది నల్లది, దాని మీద మంటలు, మంటల్లోంచి దూసుకొస్తున్న రేసు కారు.

“రేసు కార్లనే ఆపేవి, నీ డొక్కు కారుని ఆపవా?” అన్నాడు బావ.

“మరి కింద ‘బాగా వేడెక్కాక అద్భుతంగా పనిచేస్తాయి’ అని రాశారేంటి బావా?”

“అంటే ఎంత వేడెక్కినా చెక్కుచెదరవన్నమాట. పొగుడుతున్నార్లే.”

వంటగదిలోంచి అక్క కేకేసింది. “అది ఆసుపత్రికీ, చర్చికీ తప్ప ఎక్కడికెళ్తుందండీ? మామూలువి కొనచ్చు కదా!”

మామూలువి! ఆ మాటతో నా మనసులో మిగిలిన కాస్త సందేహం కూడా తీరిపోయింది. నల్లపెట్టె తెప్పించుకున్నాం. శనివారం బావ చేతులకు నల్లటి మసి పూసుకుని, నిజం చెప్పొద్దూ, చక్కగానే బిగించాడు.

తప్పు బిగింపులో లేదు. సోమవారం పొద్దున అద్దాల మీద మంచు గీకి బయల్దేరి, మొదటి మలుపులో బ్రేకు నొక్కితే కారు నా మాట విననట్టే ముందుకు సాగిపోయింది. గట్టిగా తొక్కితే ఓ కేక పెట్టి, అయిష్టంగా ఆగింది. ఆసుపత్రి దగ్గరకొచ్చేసరికి మాత్రం బ్రేకులు బ్రహ్మాండం. సాయంత్రం బయల్దేరినప్పుడు మళ్ళీ అదే తంతు. “కొత్త కోడలు కదా, అలవాటు పడాలి” అన్నాడు బావ. వారం గడిచేసరికి నాకే అర్థమైంది: ఈ కోడలికి వేడి తగిలితే గాని పని చేయబుద్ధి కాదు. నాటింగ్‌హామ్ నవంబరులో వేడి ఎక్కడ్నించి తేను? అందుకని రోజూ ఆసుపత్రికి బయల్దేరేముందు మా వీధిలోనే ఆ చివర నుంచి ఈ చివరకు నడుపుతూ, ఆపుతూ, కీచుమనిపిస్తూ బ్రేకులు కాచుకోవడం మొదలెట్టాను. ఓ రోజు చూస్తే అద్దం మీద వైపర్ కింద రెండు ఎర్రటి ‘ఎల్’ బోర్డులు! పక్కింటి పెద్దావిడ పెట్టిందట. ఆవిడ మనవడికి లైసెన్సు వచ్చేసిందట, నాకు పనికొస్తాయని. థాంక్యూ చెప్పి లోపలికొచ్చి దిండులో మొహం దాచుకున్నాను. అప్పుడైనా బుద్ధి రావాలా, వద్దా?

రాలేదు. ఆ ఆదివారం మా తెలుగు చర్చిలో ప్రేమవిందు. హల్లెలూయ ఆంటీని (ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా ముందు హల్లెలూయ అనే ఆవిడ) నేనే ఎక్కించుకెళ్ళాలి. నేను వెళ్ళేసరికే బిర్యానీ గిన్నె ఒళ్ళో పెట్టుకోడానికి సిద్ధంగా గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ ఇల్లు మా వెనక వీధే. బ్రేకులు చల్లగానే ఉన్నాయి. ఆవిడ ముందు ఆ కసరత్తు చేయడానికి సిగ్గేసి, తిన్నగా వాలు రోడ్డులోకి పోనిచ్చాను.

వాలు కింద, నాలుగు రోడ్ల దగ్గర యుద్ధంలో పోయిన సైనికుల స్మారకం ఉంటుంది. ఆ రోజు వాళ్ళను తలచుకునే ఆదివారమని నాకు తట్టనేలేదు. కోటుకు ఎర్ర పువ్వులు గుచ్చుకున్న జనం రోడ్డు నిండా నిలబడి ఉన్నారు. పోలీసాయన నావైపు తిరిగి చెయ్యెత్తాడు. బ్రేకు నొక్కాను. కారు ఆగలేదు.

“అమ్మాయ్, మనుషులున్నారే!” అంది ఆంటీ.

రెండు కాళ్ళూ పెట్టి తొక్కాను. సరిగ్గా అప్పుడే ఊరంతా రెండు నిమిషాల మౌనంలోకి వెళ్ళింది. పసిపిల్లలు కూడా ఏడవని ఆ నిశ్శబ్దంలో నా కారు, మెడ కోస్తున్న పందిలా, వాలు పొడుగునా అరుచుకుంటూ వచ్చి, పతకాలు తగిలించుకున్న ఒక ముసలాయన చేతికర్రకు జానెడు దూరంలో ఆగింది. ఒక్కరూ నోరెత్తలేదు. మౌనం కదా! కళ్ళు మాత్రం అన్నీ నావైపే తిరిగాయి. కాలు కాస్త సడలితే కారు అంగుళం జారి మళ్ళీ కుయ్యిమంది.

“హ్యాండ్ బ్రేకు వెయ్యవే తల్లీ,” ఆంటీ గొణిగింది. లాగాను. అది కూడా కర్‌ర్‌ర్ మని పలికింది. రెండు నిమిషాలంటే ఎంతసేపో నాకు ఆ రోజే తెలిసింది. ఆ ముసలాయన మాత్రం వెనక్కి తిరగలేదు, కదల్లేదు. వణుకుతున్న గడ్డం పైకెత్తి ముందుకే చూస్తున్నాడు. ఆ వీపు మీంచి నేను చూపు తిప్పుకోలేకపోయాను. ఇంకో జానెడు జారి ఉంటే?

మౌనం ముగిసిందని బాకా మోగింది. ఆయన నెమ్మదిగా కిటికీ దగ్గరకొచ్చాడు. తిట్లు తినడానికి తల వంచుకుని అద్దం దించాను. “యూ ఆల్‌రైట్, మి డక్?” అన్నాడు. ఈ ఊళ్ళో ముద్దుగా అలాగే పిలుస్తారు, బాతూ అని. సారీ అన్నాను. ఆయన నా చేతి మీద తట్టి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే ఎంత బావుండేదో!

చర్చిలో చివరి బల్ల మీద నక్కి కూర్చున్నాను. దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చింది. ఆంటీ లేచింది. “హల్లెలూయ! ఈ పొద్దున ఈ పిల్ల కారులో మరణపు లోయలోకి జారిపోతుంటే ప్రభువు నన్నూ, బిర్యానీనీ భద్రంగా దింపాడు!” సంఘమంతా వెనక్కి తిరిగి నన్ను చూసి చప్పట్లు కొట్టింది. తరువాతి వారాల్లో ఆ సాక్ష్యంలో వాలు నిటారైంది, కారు వేగం పెరిగింది. నేను మాత్రం ఆ మధ్యాహ్నమే కారును అక్కడ వదిలి బస్సులో ఇంటికెళ్ళాను. బావ విషయం విని, నేరుగా వెళ్ళి తెల్లపెట్టె ఆర్డరు పెట్టాడు. అక్క మాత్రం రెండు రోజులు మా ఇద్దరికీ పచ్చిపులుసే వడ్డించింది.

ఇప్పుడు నా కూతురు వెనక సీట్లో కూర్చుని స్కూలుకొస్తుంది. మంచు పట్టిన పొద్దుల్లో కూడలి ఇంకా ఎంతో దూరం ఉండగానే నా కాలు బ్రేకు మీదకెళ్ళిపోతుంది. “మమ్, ఇట్స్ గ్రీన్!” అంటుంది అది విసుగ్గా, అచ్చం ఈ ఊరి యాసలో. వెనక కారువాడు హారన్ కొడతాడు. నిజమే, గ్రీనే. అద్దంలో నా ఎర్రబడ్డ మొహం చూసుకుని, నవ్వొచ్చి, నెమ్మదిగా ముందుకు పోనిస్తాను.