మనిషి పడుకోని గుడారం

బుధవారం పొద్దున ఆరో నంబరు చోటులో నీలం గుడారం ఒకటి మొలిచింది. గురువారం మధ్యాహ్నమైనా అందులో మనిషన్నవాడు తల దూర్చలేదు.

క్యాంపు కాపలా చూసే లోర్నా ట్వెట్ దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. నాలుగోసారి వంగి లోపలికి చూసింది. పరుపు లేదు, దుప్పటి లేదు. గాలికి ఎగిరిపోకుండా నడిమధ్య ఒక బండరాయి. కొన్నచోట కట్టిన ధర చీటీ ఇంకా తాడుకి వేలాడుతూనే ఉంది.

"హాయిగా పడుకో నాయనా," అంది రాయితో. "మీ యజమానికి సెలవు దొరకలేదు కాబోలు, నీకు దొరికింది."

అమెరికాలో ఐడహో కొండల్లో, తారురోడ్డు ఆగిపోయాక మరో ఇరవై మైళ్ల మట్టిదారి చివర, బ్రోకెన్ యాక్సిల్ వాగు ఒడ్డున పంతొమ్మిది చోట్లున్న క్యాంపు అది. పది చోట్లు చక్రాలమీది ఇళ్లలాంటి ఇంటిబండ్లకి, తొమ్మిది గుడారాలకి. అక్కడి కట్టుబాటు తాతల నాటిది: ముందొచ్చినవాడికి ముందు. చోటు చూసుకోవాలి, కవరులో రుసుము వేసి పెట్టెలో పడెయ్యాలి, చీటీ గుంజకి తగిలించాలి, ఆ రాత్రి అక్కడే పడుకోవాలి. ఈ చివరి ముక్క గుంజ మీదే రాసి ఉంటుంది. జనం దాన్ని చదవరు, చదివినా తమకి కాదనుకుంటారు.

లోకంలో బాటసారులు దిగే చోట్లన్నిటికీ ధర్మం ఒక్కటే. ఎడారి సరాయిలైనా, మంచు కనుమల్లో రాతి గుడిసెలైనా, మన కాశీదారి సత్రాలైనా, అలిసి వచ్చినవాడిదే ఆ రాత్రి. ఒంటెమీద రాయినెక్కించి ముందుగా పంపి సరాయిలో గది ఆపుకున్నవాడి సంగతి ఏ యాత్రికుడి రాతల్లోనూ కనపడదు. మనవాళ్లు బస్సు కిటికీలోంచి తుండుగుడ్డ విసిరి సీటు ఆపుతారు, నిజమే. కానీ ఆ తుండుగుడ్డ వెనకే మనిషి కూడా తోసుకుంటూ ఎక్కుతాడు. రెండు రోజులు పోయాక, వంట ముగించుకుని, పెళ్లాంపిల్లలతో తీరిగ్గా రాడు.

లోర్నాకి అరవైతొమ్మిదేళ్లు. రూపర్ట్ ఊరి దగ్గర బీట్‌దుంపల పొలంలో పుట్టింది, ముప్ఫైయొక్క ఏళ్లు బడి బస్సు నడిపింది. పదకొండేళ్లుగా వేసవికి వేసవి ఈ క్యాంపు కాపలా ఆమెదే. మరుగుదొడ్లు కడుగుతుంది, కట్టెలమ్ముతుంది, కుక్కల్ని కట్టెయ్యమని బతిమాలుతుంది. చలికాలం చెల్లెలింటి వెనక షెడ్డులో తన ఇంటిబండి నిలుపుకుని రోజులు లెక్కపెడుతుంది. ఇల్లంటూ ఉంటే అది ఈ వాగొడ్డే. అటవీశాఖవాళ్లు ఇచ్చిన పసుపుపచ్చ కోటు వేసుకుంటే ఆమెకి హక్కులన్నీ ఉన్నట్టు కనిపిస్తుందిగానీ, ఉన్నది ఒక్కటే, దయచేసి అనే హక్కు. వచ్చినవాళ్ల సామాను చేత్తో ముట్టకూడదు. ముడితే కోటు విప్పెయ్యాల్సిందే. ముట్టే అధికారం రేంజరుది. ఆ రేంజరు రెండుగంటల దూరాన ఉంటాడు.

అప్పుడే దుమ్ము రేపుకుంటూ ఒక పాత పికప్ బండి వచ్చి ఆగింది. దిగినావిడ పేరు రమోనా ఇబారా. బంగాళాదుంపల కార్ఖానాలో, వేపుడు ముక్కలు కోసే యంత్రం దగ్గర పని. బండి నడుపుతున్నది మొగుడు తేయో.

"నాలుగు క్యాంపులు చూసొచ్చాం," అంది రమోనా. "ఎక్కడ చూసినా గుడారాలేనండీ, మనుషులు మాత్రం లేరు. ఈ కొండకేమైనా జబ్బు చేసిందా?"

"చేసింది. ఎన్నాళ్లు సెలవు?"

"మూడు రోజులు. ఏడాది మొత్తానికీ అంతే. అందులో సగం రోజు రోడ్డు మీదే అయిపోయింది." ఆమె చెయ్యి చాపి చూపించింది. "అదిగో, పద్నాలుగో నంబరు ఖాళీయే కదా?"

"తలెత్తి చూడు."

రమోనా చూసింది. ఎండిపోయిన పైన్‌చెట్టొకటి, బెరడంతా ఊడి, ఆ చోటు మీదికే వాలి ఉంది.

"కలప కొట్టేవాళ్లు దీన్ని విధవల్ని చేసే చెట్టంటారు," అంది లోర్నా. "నీ మొగుడు మంచివాడేనా?"

రమోనా వెనక్కి తిరిగి తేయోని ఒకసారి పరకాయించింది. "ఫర్వాలేదు."

"అయితే అక్కడొద్దు."

లోర్నా తన బండిలోకి వెళ్లి వైర్‌లెస్ తీసింది. రేంజరు ప్రెస్టన్ పలికాడు. కుర్రతనం ఇంకా వదలనివాడు, మంచివాడే, కాగితాన్ని చూస్తే మాత్రం భయం.

"ఆరో నంబరులో గుడారం పడుకుంటోంది, మనిషి లేడు. నిన్న రాత్రి కూడా లేడు. తీసెయ్యనా?"

"వద్దొద్దు. చీటీ రాసి పెట్టండి లోర్నా. రేపు సాయంత్రం నేనొస్తాగా."

"రేపు సాయంత్రానికి వాడే వస్తాడయ్యా! వాడి ఎత్తే అది!"

"మీరు ముట్టుకోకండి. చెప్పానంతే."

పదకొండేళ్లుగా ఇదే మాట. పదకొండేళ్లుగా ఆమె చీటీలు రాసి, చోటు లేదని జనాన్ని పంపించేస్తూ వచ్చింది. చంకలో బిడ్డలున్నవాళ్లని, బండి చెడినవాళ్లని, చీకటి పడుతుండగా వచ్చిన ముసలివాళ్లని. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఇక్కడ కొమ్ములు అసలు రానేలేదు, వాటి తొడుగులొచ్చి కూర్చున్నాయి. వాటికి కాపలా కాస్తున్నది మరెవరో కాదు, తనే.

ఒళ్లు మండిపోయింది లోర్నాకి. కోటు గుండీలు పెట్టుకుని మరీ నడిచింది. మేకులు ఎనిమిదీ పీకింది. గుడారాన్ని దుకాణంలో మడిచినదానికన్నా చక్కగా మడిచి, తన బల్ల మీద పెట్టి, పైన ఆ రాయిని కూర్చోబెట్టింది.

"దించండి సామాను," అని కేకేసింది. "అక్కడ కాదు తేయో, ఆ పల్లంలో మెత్తగా ఉందని మురిసిపోకు, తెల్లవారుజామున కొండ చలంతా అందులోకే దిగుతుంది. ఇంకొంచెం మీదికి. వాకిలి తూర్పుకి పెట్టు, ఎండ త్వరగా తగులుతుంది. వాగుకి మరీ దగ్గరొద్దు, దోమలు నీ మాంసం వండుకు తింటాయి."

"ఇక్కడ దిగమని పిలిచారుగానీ," అన్నాడు తేయో, "మీకేం కాదు కదా?"

"మేకు కొట్టు ముందు."

శుక్రవారం సాయంత్రం నీలం గుడారం ఆసామి వచ్చాడు. క్రెయిగ్ ల్యాటిమర్ అట. ముప్ఫైయారు అడుగుల ఇంటిబండి, దాని వెనక తాడుకట్టిన చిన్న కారు. ఆరో నంబరులో పొయ్యి రాజేసి గోధుమ రొట్టెలు కాల్చుకుంటున్న ఇబారాలని చూసి బండిలోంచి దూకాడు.

"నా గుడారం ఏది?"

"భద్రంగా ఉంది," అంది లోర్నా. "రాయి కూడా. పాపం, రెండు రోజుల్నుంచి ఏమీ తినలేదు."

"నా సామాను ముట్టుకోడానికి నువ్వెవరు? నేను రుసుము కట్టాను!"

"కట్టారు. పడుకోలేదు. గుంజ మీద రాసింది చదివారా?"

"అందరూ చేసేదే కదా! శుక్రవారం దాకా సెలవు దొరకనివాళ్లు ఏం చెయ్యాలి?"

"నాకూ ఏడాదికి మూడు రోజులే సెలవండీ," అంది రమోనా పొయ్యి దగ్గర్నుంచి, తల తిప్పకుండానే. "నేనొచ్చి పడుకున్నాను."

"ఇంతకీ బండి ఇందులో పట్టదు సార్," అన్నాడు తేయో. "తోక వాగులో ఉంటుంది."

అది నిజం. ల్యాటిమర్ ఈ చోటుని ఫోన్లో బొమ్మ చూసి ఎంచుకుని, మనిషిని పంపి గుడారం వేయించాడు. బొమ్మలో వాగు మెరుస్తోంది, కొలత లేదు. అయినా మాట పడ్డాడు కనక అతనికి చోటుకన్నా పరువు ముఖ్యమైంది. తిరిగిపోతూ లోర్నా కోటు మీది పేరు రాసుకున్నాడు.

శుక్రవారం వస్తానన్న ప్రెస్టన్, ఫిర్యాదు అందాక, శనివారం కాగితంతో వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒక్క వాక్యం చాలు లోర్నా. పొరపాటు జరిగింది, మళ్లీ జరగదు అని రాయండి. నేను పైవాళ్లకి సర్దిచెప్పుకుంటాను. లేకపోతే బుధవారానికి ఖాళీ చెయ్యాలి. మీరు లేకపోతే నాకు మాత్రం ఎవరున్నారు చెప్పండి?"

ఆమె కాగితం తీసుకుంది. వాగు వైపు చూసింది. రమోనా కాళ్లు నీళ్లలో పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. యంత్రం లేదు, కార్ఖానా లేదు ఆ ముఖంలో, ఒట్టి విశ్రాంతి.

"పొరపాటు జరిగిందని రాస్తాను," అంది లోర్నా. "పదకొండేళ్లు జరిగిందని రాస్తాను. ఆ గుడారాలన్నీ ముట్టుకోకుండా ఊరుకున్నాను, మనుషుల్ని గెంటేశాను. అది రాసుకుంటావా?"

"అది కాదు నేనడిగింది."

"నేనిచ్చేది అదే."

కోటు విప్పి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

బుధవారం ఆమె తన పాత బండిని పికప్‌కి తగిలించుకుని కొండ దిగి, మరో కొండెక్కింది. పదకొండేళ్ల తర్వాత మొదటిసారి తనకోసం చోటు వెతుక్కోవడం. టిన్‌కప్ క్యాంపులో ఇరవై చోట్లుంటే ఏడింట్లో ఇంటిబండ్లు, పదమూడింట్లో గుడారాలు. లోర్నా ప్రతి గుడారం లోపలికీ వంగి చూసుకుంటూ పోయింది. ఒకదానిలో నీళ్ల డబ్బా. ఒకదానిలో మడతకుర్చీ. ఒకదానిలో పుచ్చకాయ. తొమ్మిదింటిలో మనిషి వాసన లేదు.

అక్కడి కాపలాదారు ఆర్విల్ బకెట్టు పట్టుకుని ఎదురొచ్చాడు. తెల్లమీసాలు, అదే పసుపు కోటు.

"ఖాళీ లేదమ్మా."

"తొమ్మిదున్నాయి."

"ఉన్నాయి. నేను ముట్టుకోకూడదు. మీకు తెలియదులే, మా రూళ్లు అలాంటివి."

"నాకెందుకు తెలియదు? మొన్నటిదాకా నాకూ ఉండేవి. ఇప్పుడు లేవు."

ఆర్విల్ ఆమెని ఎగాదిగా చూశాడు. బ్రోకెన్ యాక్సిల్ సంగతి ఈ కొండకి కూడా వచ్చినట్టే ఉంది. మీసాలు సవరించుకుని, బకెట్టు రెండో చేతికి మార్చుకున్నాడు.

"నేను మరుగుదొడ్లు కడగాలి," అన్నాడు. "ఇవాళ మహా మురికిగా ఉన్నాయి. గంట పడుతుంది. తలుపు వేసుకునే కడుగుతాను."

అతను నిజంగానే వెళ్లి తలుపు వేసుకున్నాడు. లోర్నా వాలు చూసింది, గాలి చూసింది, పైన ఎండిన చెట్లేమీ లేవని చూసింది. పుచ్చకాయ ఉన్న గుడారం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. మొదటి మేకు మొండికేసింది. రెండోది తేలిగ్గానే వచ్చింది.