మామ పొడిచిన నీలం డ్రమ్ము

మా మామ పోయారు. పోయిన శుక్రవారం పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్న మనిషి మళ్లీ లేవలేదు. ఆయన గురించి నాలుగు మాటలు నన్నే రాయమన్నారు మా ఆయన. నేను చదివింది కన్నడ బడిలో, అదీ కొన్నేళ్లే. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక మామ నేర్పినవే. తప్పులున్నా, రాత వంకరగా ఉన్నా మీరు మన్నించాలి.

మామ మా రాయచూరు జిల్లాలో ఫ్యాక్టరీల విషపు చెత్తను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. వాడేసిన నూనె, రసాయనాల మడ్డి, ఖాళీ డ్రమ్ములు ఎక్కడ పెట్టారో, ఎవరికి అప్పగించారో ఆయన చూడాలి. "చెత్తను చూసుడు కాదు బిడ్డా, అది యాడికి పోయిందో అడుగుడే నా కొలువు," అనేవారు. సరిగా జవాబు చెప్పేవాళ్లు తక్కువ. ఒకచోట మూయిస్తే ఇంకోచోట తెరిచేవారు. ఇంటికొచ్చి మెట్టు మీద కూర్చుని, బూట్లు విప్పే ఓపిక కూడా లేక, వాటినే చూస్తూ ఉండిపోయేవారు.

డ్యూటీ బట్టలు నన్ను ముట్టనిచ్చేవారు కాదు. పెరట్లో వేరే బకెట్లో తానే ఉతుక్కునేవారు. పక్కింటావిడ గోడ మీది నుంచి, "ఏందమ్మా, కోడలుండి కూడ మామకు ఈ తిప్పలేంది?" అని దెప్పేది. మామే అందుకునేవారు: "నా కోడలు మస్తు గట్టిది చెల్లె. పనంత నాకే చెప్తది!"

నా శ్రీమంతం ఎండాకాలంలో వచ్చింది. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు. అత్తమ్మ తమ్ముడిది పాత డ్రమ్ముల వ్యాపారం. అక్క ఇంట్లో శుభకార్యమని పెద్ద నీలం డ్రమ్ము తెచ్చి, సబ్బు పెట్టి తోమించి, ట్యాంకర్ నీళ్లు నింపించారు. మా దగ్గర ఏ ఇంట్లో నలుగురికి వంట చేసినా నీళ్లకు ఆ డ్రమ్ములే వాడతారు. వంటామె ఎసరు పెట్టబోతుండగా మామ డ్యూటీ నుంచి వచ్చారు. మూత తీసి వాసన చూశారు. గీకేసిన లేబుల్‌ను వేలితో తడిమారు.

"ఇది పురుగుల మందు డ్రమ్ము గదరా?"

"ఇంట్ల కూడ తనిఖీయేనా బావా? మంచిగ కడిగిపిచ్చిన."

"కడిగితే వాసన పోతది. మందు పోదు."

"ఊరంత తాగుతలేరా? ఎవరికన్న ఏమన్న అయిందా?"

పీట మీద కూర్చుని గాజులు తొడిగించుకుంటున్న నా వైపు మామ ఒక్కసారి చూశారు. నీళ్లన్నీ పెరట్లోని గుంటలోకి ఒంపించారు. మళ్లీ ఎవరూ వాడకుండా డ్రమ్ము అడుగున గడ్డపారతో పొడిచారు. ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా ఆయన చేయించే పని అదే.

"పదిమందిల నా ఇజ్జత్ తీసినవ్ బావా," అని అత్తమ్మ తమ్ముడు అన్నం ముట్టకుండా వెళ్లిపోయారు. ఆ వారంలోనే మామ ఆయన గోదాముకూ వెళ్లి తాళం వేయించారు.

మా వైపు నాగపంచమికి అన్నదమ్ములు ఆడబిడ్డను పుట్టింటికి పిలుస్తారు. ఆ తర్వాత ఏ నాగపంచమికీ అత్తమ్మకు పిలుపు రాలేదు. ఆ రోజున ఆమె మామకు వడ్డించేది గానీ మాట్లాడేది కాదు. ఒకసారి మామ పళ్లెం ముందు కూర్చుని నాతో, "మీ అత్త కోపం న్యాయమే బిడ్డా. నేను చేసింది కూడ న్యాయమే. రెండిటి నడుమ ముద్ద దిగుడే కష్టం," అన్నారు. నేను మజ్జిగ పోశాను.

నా బిడ్డ కోసం ఆయన అంత పోగొట్టుకున్నారు. ఆ సంగతి ఆయనతో ఒక్కసారి కూడా అనలేకపోయాను. ఇప్పుడు మీతో అంటున్నాను.

మామ పోయిన నాడు అత్తమ్మ తమ్ముడు వచ్చి గడప బయటే నిలబడ్డారు.

"అక్కా, రావాల్నా, పోవాల్నా?"

అత్తమ్మ తలెత్తలేదు. చాప మీద కొంచెం పక్కకు జరిగింది, అంతే. ఆయన వచ్చి ఆ ఖాళీలో కూర్చున్నారు.

మధ్యాహ్నం అందరినీ చూసి చూసి అలసిపోయిన నా కూతురు వాళ్ల మధ్యకు దూరి పడుకుంది. తల అత్తమ్మ ఒళ్లో, కాళ్లు ఆయన ఒళ్లో. ఎవరో ఆయనను చాయ్‌కి పిలిచారు. చిన్నగా చెయ్యి ఊపి, పాప లేస్తుందేమోనని ఆయన అక్కడే కూర్చుండిపోయారు.