అవ్వ ఒప్పుకోని లెక్క

నా చిన్నప్పుడు నాకు లెక్కల మీద ఉన్నంత కోపం మరి దేని మీదా ఉండేది కాదు. అందరూ భయం అనుకునేవాళ్ళు గాని, భయం కాదు, కోపమే. భయమైతే దూరంగా పోయి కూర్చునేదాన్ని. కోపం కాబట్టి రోజూ దాని ముందే కూర్చుని పళ్ళు కొరికి, పుస్తకం విసిరికొట్టి, మళ్ళీ నేనే లేచి వెళ్ళి తెచ్చుకునేదాన్ని.

మాది పీలమేడు. మిల్లు సైరన్ కూస్తే నిద్ర లేచి, మళ్ళీ అది కూస్తే అన్నం తినే ఊరు. నాయనకు మదురై మిల్లులో పని దొరికితే అమ్మను తీసుకుని అక్కడికి వెళ్ళిపోయాడు. నా చదువు మధ్యలో చెడకూడదని నన్ను మా అవ్వ దగ్గర, చిన్నాయన దగ్గర వదిలారు. చిన్నాయన మిల్లులో నూలు వడికే విభాగంలో మేస్త్రీ. షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి కనుబొమల మీద కూడా దూది నూగు ఉండేది. ఇంట్లో మేము మాట్లాడేది తెలుగు, బళ్ళో అంతా తమిళం. ఇంటి మాట బడికి పోదు, బడి మాట వంటింట్లోకి రాదు. ఎవరూ పెట్టిన నియమం కాదది. చెప్పులు గుమ్మం బయట విడిచినట్టు పాఠాల మాటలన్నీ బయటే విడిచి లోపలికి వచ్చేవాళ్ళం.

ఆ ఏడు మాకు తేల్చుకోవలసిన పని ఒకటి వచ్చింది. పై తరగతిలో కాంపోజిట్ లెక్కలు తీసుకోవాలా, జనరల్ లెక్కలు తీసుకోవాలా అని. కాంపోజిట్ అంటే కష్టమైనవి. అవి చదివితేనే తర్వాత కాలేజీలో సైన్సు దొరుకుతుంది. జనరల్ అంటే తేలికవి, వాటితో ఆ దారి మూసుకుపోతుంది. మా లెక్కల మాస్టారు ఆడపిల్లలందరికీ అడక్కుండానే జనరల్ అని రాసేస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను కాంపోజిట్ చదువుతానని లేచి నిలబడ్డాను. ఆయన నవ్వి, ఇంట్లో పెద్దవాళ్ళ చేత సంతకం పెట్టించుకుని రమ్మన్నారు.

అంత రోషంతో నిలబడ్డానే గాని నాకు వచ్చిన విద్య ఒక్కటే, బట్టీ. బళ్ళో చేసి చూపిన ప్రతి లెక్కనూ మొదటి అక్షరం నుంచి జవాబు దాకా తమిళంలో అప్పజెప్పగలను. వసారాలో అటూ ఇటూ నడుస్తూ, గొంతెత్తి, పక్కింటికి కూడా వినబడేలా చదివేదాన్ని. ఇంత చదివే పిల్లకు మార్కులెందుకు రావో ఎవరికీ అర్థమయ్యేది కాదు, నాకు అసలే అయ్యేది కాదు.

సంతకం అడిగిన రోజు చిన్నాయన అప్పుడే షిఫ్టు దిగి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక లెక్క చెప్పమన్నాడు. నాకు బాగా నోటికి వచ్చిన తొట్టి లెక్క అందుకున్నాను. ఒక కుళాయి తొట్టిని నాలుగు గంటల్లో నింపుతుంది. అడుగున ఉన్న తూము నిండిన తొట్టిని ఆరు గంటల్లో ఖాళీ చేస్తుంది. రెండూ తెరిచి ఉంచితే తొట్టి ఎన్ని గంటల్లో నిండుతుంది? పన్నెండు గంటల్లో. ఎక్కడా ఆగకుండా చెప్పి, మెచ్చుకుంటాడని చూశాను.

"సరి. కుళాయి నాలుగు కాదు, అయిదు గంటల్లో నింపుతాదనుకో. అప్పుడెంత?"

"పన్నెండు గంటలు," అన్నాను.

"అదెట్ల? దానికీ పన్నెండే, దీనికీ పన్నెండేనా?"

చిన్నాయన కసురుకోలేదు, కసురుకున్నా బాగుండేది. ముఖం తుడుచుకుని, అలసిపోయిన గొంతుతో ఒక మాట చెప్పాడు. "సంతకం పెట్టేదానికి నాకేమీ కష్టం లేదు, అమ్మిణీ. అయితే ఈ లెక్క నువ్వు అవ్వకు చెప్పాల. బడి మాటలో కాదు, మన మాటలో. ఆదివారం నేను నిన్ను అడగను, అవ్వను అడుగుతా. అవ్వ చెప్పిందంటే సంతకం."

ఇంతకంటే అన్యాయం ఉంటుందా అనిపించింది. అవ్వ బడి గడప తొక్కలేదు. పైగా మా అవ్వ దేనికీ ఊరికే తలూపే మనిషి కాదు. కూరగాయలవాడి దగ్గర కూడా పది ప్రశ్నలు అడిగి, వాడు దణ్ణం పెట్టాక గాని వదిలేది కాదు. అలాంటి మనిషి నోట నా లెక్క పలకాలి, దాని మీద నా కాలేజీ చదువు ఆధారపడి ఉంది.

మర్నాడు అవ్వ పెరట్లో అంట్లు తోముతుంటే పక్కన కూర్చుని మొదలుపెట్టాను. మొదలుపెట్టగానే తెలిసింది, నా దగ్గర మాటలు లేవని. తమిళంలో గడగడా వచ్చేది తెలుగులో ఒక్క ముక్క రాదు. నింపడం, ఖాళీ చేయడం వరకు ఎలాగో ఈడ్చుకొచ్చాను. అవ్వ చేతిలో గిన్నె ఆపి నా ముఖం చూసింది.

"అడుగున తూము తెరిచిపెట్టి పైన నీళ్ళు వదిలేది ఎవుడే?"

"ఎవుడో ఒకడు అవ్వా. లెక్కలో అంతే."

"ఏంటికి?"

"పుస్తకంలో అట్ల ఉండాది."

"ఆ పుస్తకం రాసినోణ్ణి ఈ వీధికొచ్చి ఒక బిందె మంచినీళ్ళు మోసి చూడమను. అప్పుడు తూము మూస్తాడు."

మా వీధిలో మంచినీళ్ళ కుళాయి ఒక్కటే. అవి వచ్చే వేళకు బిందెలు వరుస పెట్టి, జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్ళు. అవ్వకు ఆ లెక్క లెక్కలాగా కనబడలేదు, ఒక దుబారా మనిషి కథలాగా కనబడింది. ఎంత చెప్పినా ఆ తూము దగ్గరే ఆగిపోయేది. రెండు రోజులు ఇదే గొడవ. నేను కాళ్ళు నేలకేసి కొట్టి ఏడ్చాను. ఇంత మొండి ముసలిదాన్ని నా నెత్తిన పెట్టాడని చిన్నాయనను మనసులో తిట్టుకున్నాను.

చివరికి ఆ ఏడుపులోనే ఒక మాట బయటపడింది. మా పెరట్లో సిమెంటు తొట్టి ఒకటి ఉండేది. దాని అడుగున కన్నానికి చిన్నాయన మిల్లు నుంచి తెచ్చిన పాత దూది కుక్కేవాళ్ళం. అయినా అది కారుతూనే ఉండేది. "మన తొట్టి కారతా లేదా అవ్వా? కారతా ఉండాదని నువ్వు పొయ్యడం ఆపినావా?" అని అరిచాను.

అవ్వ మా తొట్టి వైపు చూసింది. "అది సరి," అంది. ఆ రెండు మాటల కోసం నేను పడ్డ పాటు నాకే తెలుసు. కానీ వెంటనే ఇంకో ప్రశ్న వేసింది. "ఆ పుస్తకంలో తొట్టికి ఎన్ని బిందెలు పడతాయి?"

నేను పుస్తకం తీసి చూశాను. లేదు. అన్నిసార్లు అప్పజెప్పిన లెక్కలో తొట్టి ఎంత పెద్దదో చెప్పలేదన్న సంగతి నేను ఒక్కనాడూ గమనించలేదు. పోనీ పది బిందెలనుకో అన్నాను. నాలుగు గంటల్లో పది అంటే గంటకు రెండున్నర. తూము వైపు అయితే బిందెలు అసలే తెగలేదు. ముక్కల బిందెలు అవ్వ ఒప్పుకోదు. విసుగెత్తి, నాలుగు గంటలకూ ఆరు గంటలకూ సరిగ్గా పంచుకోవడానికి కుదిరే సంఖ్య కోసం వేళ్ళ మీద వెతికాను. పన్నెండు దొరికింది. గంటకు మూడు బిందెలు లోపలికి, రెండు బయటికి. ఒక్క బిందె నిలుస్తుంది. పన్నెండు బిందెలు నిలవడానికి పన్నెండు గంటలు.

అది నేను ఎన్నాళ్ళుగానో వసారాలో అరుస్తున్న జవాబే. అది ఎక్కణ్ణుంచి వస్తుందో మాత్రం మొదటిసారి చూశాను. అవ్వ నమ్మలేదు. ఇరవై నాలుగు బిందెల తొట్టి అయితే అప్పుడేమంటావు అంది. చేసి చూపించాను, మళ్ళీ పన్నెండు గంటలే వచ్చింది. నాకు సంతోషం కంటే కోపమే ఎక్కువ వచ్చింది, ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ నాకెందుకు ఎవరూ చెప్పలేదని.

ఆదివారం చిన్నాయన అడిగితే అవ్వ లెక్కంతా చెప్పింది. మధ్యలో ఆ దుబారా మనిషిని నాలుగు తిట్లు తిట్టింది గాని, బిందెలు ఎక్కడా తప్పలేదు. చిన్నాయన నవ్వు ఆపుకుని, "కుళాయి మూడు గంటలు, తూము అయిదు గంటలు అయితే?" అన్నాడు.

"అది నన్నడగొద్దు. బిందెలు ఎన్నో అది చెప్తాది," అని అవ్వ నన్ను చూపించింది.

పదిహేను బిందెలు అన్నాను. గంటకు అయిదు లోపలికి, మూడు బయటికి, నిలిచేవి రెండు. లెక్కించుకుంటూ పోతే ఏడున్నర గంటలు వచ్చింది. అరగంట చూసి మళ్ళీ వేళ్ళ మీద లెక్కపెట్టాను, పుస్తకంలో జవాబులు ఎప్పుడూ నిండు గంటలే. చిన్నాయన ముఖం చూశాను, అక్కడ ఏమీ లేదు. అవ్వ మాత్రం, "అరగంట ఏంటికి?" అంది. "చివర ఒక్క బిందే మిగిలింది కదవ్వా, దానికి అరగంట చాలు," అన్నాను. చిన్నాయన కలం అడిగి సంతకం పెట్టాడు.

కాంపోజిట్‌లో నాకు మొదటి పరీక్షలో గొప్ప మార్కులేమీ రాలేదు. కానీ ఎక్కడ తప్పానో నాకు తెలిసేది. తెలియని చోట ఇంటికి వచ్చి అవ్వ పక్కన కూర్చునేదాన్ని. ఇప్పటికీ ఏ కొత్త సంగతి నేర్చుకున్నా మనసులో మా అవ్వకు మా ఇంటి మాటలో చెప్పి చూస్తాను. ఆమె "ఏంటికి?" అంటే జవాబు రాలేదా, ఆ సంగతి నాకు ఇంకా తెలియలేదని అర్థం. మళ్ళీ మొదటికి పోతాను.

ఆ ఆదివారం సాయంత్రం అవ్వ తొట్టి దగ్గర వంగి, కన్నానికి కొత్త దూది కుక్కుతూ ఉంది. నేను నీళ్ళు పోస్తున్నాను. తల ఎత్తకుండానే, "ఇంతే కదే లెక్కంటే. నన్ను ఏంటికి పంపలేదో బడికి," అంది. నన్ను అడిగినట్టు లేదు, అయినా నేను జవాబు వెతికాను. ఇంటి మాటలో వెతికాను, బడి మాటలో వెతికాను. ఇప్పుడు ఆనాటి అవ్వ వయసు దాటి వచ్చాను గాని, ఆ ఒక్క "ఏంటికి" దగ్గర నేను ఇంకా బిందె పట్టుకుని నిలబడే ఉన్నాను.