ఉప్పు డబ్బాలో కాస్టిక్

అవును, ద్రాక్షపళ్లన్నీ పారబోయించింది నేనే. అమ్మ ఎప్పటిలాగే ఉప్పునీళ్లలో నానబెట్టింది. చెల్లి ఒకటి తీయబోతుంటే నేను గిన్నె జరిపాను. వేడిగా తగిలింది.

"అమ్మా, ఉప్పేస్తే నీళ్లు వేడైతయా?"

"ఏమో బిడ్డ, నా వేళ్లు గూడ సబ్బు లెక్క జారుతున్నయ్."

మురికినీళ్ల మోరీ కడగడానికి బాపు తను పనిచేసే పల్సానా బట్టల డైయింగ్ మిల్లు నుంచి తెచ్చిన, ఉప్పులాగే తెల్లగా ఉండే కాస్టిక్ సోడా గుర్తొచ్చింది. చెల్లిని పక్కకు లాగి, అమ్మ చేతులు నల్లా కింద పెట్టాను.

డ్యూటీ నుంచి రాగానే బాపును అమ్మ అడిగింది. "ఉప్పు డబ్బల కాస్టిక్ ఎందుకు పోసినవ్?"

"మూత గట్టిగున్నదని."

అమ్మ వేళ్లు ఇంకా మండుతున్నాయి. చెల్లి ద్రాక్ష కావాలని ఏడుస్తోంది. నాకైతే ఇప్పుడు అన్నంలో ఉప్పన్నా భయమే. మీ ఉప్పు డబ్బాలో ఉన్నది ఉప్పేనా, జర చూసి చెప్తారా?