మూడు గజాలు

సోమవారం పొద్దున ఆరున్నరకల్లా, జోలీన్ కాఫీ హోటల్లో కిటికీ పక్కనున్న పెద్ద బల్ల మీద, శనివారం జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆట మళ్లీ మొదలవుతుంది. ఉప్పు సీసా బంతి చంకన పెట్టుకుని పరుగెత్తేవాడు. మిరియాల సీసా అతనికి బంతి అందించేవాడు. టమాటా సాస్ సీసాలు మన ముందు వరస. పాల డబ్బీలు అవతలి జట్టు. వెన్న పొట్లం బంతి. ఆవ సాస్ సీసా మాత్రం బల్ల అంచున విడిగా నిలబడుతుంది. అది కోచ్. బెల్‌ఫోర్డ్ కాలేజీకి ఎంతమంది కోచ్‌లు మారినా ఆ సీసా మారలేదు.

ఆ సోమవారం బల్ల నిండుగా ఉంది. వానకి మొక్కజొన్న కోతలు ఆగిపోయి అందరూ తీరిగ్గా ఉన్నారు. పైగా శనివారం గెలిచే ఆట ఓడిపోయాం.

"నాలుగుసార్లు!" అన్నాడు ఎల్డన్. పందులు పెంచి పెంచి రిటైరైన మనిషి. గొంతు మాత్రం రిటైర్ కాలేదు. "నాలుగుసార్లు బంతి వాళ్ల చేతిలో పెడితే ఎవడు గెలుస్తాడురా?"

"మొదటిది వదిలెయ్. బంతి తడిసింది" అన్నాడు రోలీ, గ్యాస్ బండి నడిపేవాడు.

"వాళ్లకి తడవలేదా? వాళ్ల మీద ఎవరైనా గొడుగు పట్టారా?"

"సరే, రెండోది చెప్పు. ఆ కుర్రాడు విసిరిన చోట మనవాడు ఒక్కడు లేడు. వాళ్లవాళ్లు ముగ్గురున్నారు. ఎవరు పట్టుకోవాలా అని పాపం ముగ్గురూ మొహమాటపడ్డారు."

బల్లంతా నవ్వింది. ఎల్డన్ నవ్వలేదు. ఉప్పు సీసాని ముందుకి జరిపాడు.

"అవన్నీ పోనీ. చివర్న మూడు పాయింట్లు మనమే ముందున్నాం. నిమిషం లేదు. బంతి పట్టుకుని అక్కడే మోకాలు నేలకానిస్తే గడియారం దానంతటదే అయిపోద్ది. ఆ కేడ్ కుర్రాడి చేత పరుగెత్తించడమేంటి? పందొమ్మిదేళ్లవాడు, బంతి జారిపోదా? తప్పు వాడిదా? కాదు." ఎల్డన్ ఆవ సాస్ సీసాని వేలితో టక్కున కొట్టాడు. "వీడిది. మనకి ఇంకో ఓస్ట్రాండర్ దొరికాడు."

ఆ పేరు వినగానే అందరూ అలవాటుగా బల్ల చివర కూర్చున్న వెర్లిన్ కూబిక్ వైపు చూశారు. ఆ చూపులో జాలి ఉంటుంది. మా ఊళ్లో ఆ జాలికి నలభై ఐదేళ్లు.

1978లో వెర్లిన్ ఈ కాలేజీకే ఆడాడు. ఆ ఏడు ఆఖరి ఆటలో నాలుగు పాయింట్లు ముందున్నాం. ఇరవై సెకన్లు మిగిలాయి. బంతితో అక్కడే మోకాలు ఆనిస్తే, మా మాటల్లో పడుకుంటే, కప్పు మనది. కోచ్ ఓస్ట్రాండర్ పడుకోబెట్టలేదు, వెర్లిన్‌కి బంతి ఇప్పించాడు. ఎవడిదో తల వచ్చి బంతికి తగిలింది. బంతి ఎగిరి అవతలివాడి చేతిలో పడింది. వాడు డెబ్బై గజాలు పరుగెత్తాడు. అంతే. ఆ తర్వాత మాకు కప్పు రాలేదు.

మర్నాడు విలేకరులు అడిగితే కోచ్ ఒకే ముక్క అన్నాడు, "ఆ నిర్ణయం నాది." నెల తిరక్కుండా ఉద్యోగం పీకేశారు. ఇంకో ఊరు పోవాల్సినవాడు, భార్య ఇక్కడ పిల్లలకి పియానో నేర్పుతుందని ఇక్కడే ఉండిపోయాడు. ఇరవై రెండేళ్లు స్కూలు బస్సు నడిపాడు. ఆ బస్సెక్కిన పిల్లలు వెనక సీట్లలోంచి "పడుకో కోచ్, పడుకో!" అని అరిచేవాళ్లు. నేనూ అరిచాను. ఏడేళ్ల వయసులో, ఎందుకో తెలియకుండానే.

వెర్లిన్‌ని ఊరు మరోలా చూసుకుంది. గోదాములో తూకం దగ్గర పని ఇచ్చింది, ముప్పై ఎనిమిదేళ్లు ఉంచుకుంది. నాకు ఆ పని నేర్పింది ఆయనే. లారీ కాటా మీదికి ఎక్కాక కూడా ముల్లు నిలిచేదాకా మాట్లాడనిచ్చేవాడు కాదు. భార్య ఆర్లిస్ పోయినప్పుడు ఆరు వారాలు ఆయన గుమ్మంలోకి వండిన గిన్నెలు వస్తూనే ఉన్నాయి. ఎక్కడికెళ్లినా "పాపం వెర్లిన్, వాడి తప్పేం లేదు" అనేవాళ్లు. ఆయన తల దించుకునేవాడు. మంచితనం అనుకున్నాం.

చలికాలంలో మంచు పడ్డ ప్రతి రోజూ, తెల్లవారకముందే, వెర్లిన్ పార పట్టుకుని ఓస్ట్రాండర్ ఇంటి ముందు మంచు ఎత్తి పోసేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ శనివారమే, ఆట సగంలో 1978 జట్టుని మైదానంలోకి పిలిచి సన్మానం చేశారు. పద్నాలుగు మంది మిగిలారు. పాత ఎర్ర చొక్కాలు ఎవరికీ పట్టలేదు, కొత్తవి కుట్టించారు. వెర్లిన్ పేరు చదివినప్పుడు చప్పట్లు అందరికంటే ఎక్కువ సేపు మోగాయి. ఓస్ట్రాండర్ పేరు చదవలేదు.

ఇదంతా బల్లకి తెలిసిందే. తెలియనిది వెర్లిన్ ఆ పొద్దున చెప్పాడు. ముందు తన ముందున్న దాల్చినచెక్క రొట్టెని పక్కకి నెట్టాడు. తర్వాత చెయ్యి చాచి ఉప్పు సీసా అందుకున్నాడు. అన్నేళ్లలో ఆయన ఆ సీసాలు ముట్టుకోవడం అదే మొదలు.

"ఒరే ఎల్డన్, ఆ సీసా ఇటియ్యి."

"ఏ సీసా?"

"కోచ్‌ని."

ఎల్డన్ నవ్వుతూ ఆవ సాస్ సీసా అందించాడు. వెర్లిన్ దాన్ని అంచున పెట్టి, ఉప్పు సీసాని దాని పక్కకి తెచ్చి ఆనించాడు.

"డెబ్బై ఎనిమిదిలో వాళ్లు ఆఖరి విరామం అడిగారు, గుర్తుందా? అందరం కోచ్ దగ్గరికి పోయాం. ఆయన పడుకోమన్నాడు. మిరియాల సీసాతో చెప్పాడు, 'బంతి తీసుకుని పడుకో, ఇంకేం చెయ్యకు' అని. మీరు నలభై ఐదేళ్లుగా ఏం చెయ్యాలంటున్నారో అదే చెప్పాడాయన."

కాఫీ పోస్తున్న జోలీన్ ఆగిపోయింది.

"నేను అడిగాను. ఆ ఏడాది ఆటలన్నిట్లో కలిపి బంతితో తొమ్మిది వందల తొంభై ఏడు గజాలు పరుగెత్తాను. వెయ్యికి మూడు తక్కువ. మా నాన్న పాలు పితకాలని ఒక్క ఆటకీ రాలేదు. ఆ రోజు వచ్చాడు. పనిబట్టల్లోనే వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. 'కోచ్, ఒక్కసారి ఇప్పించండి, మా నాన్న వచ్చాడు' అన్నాను. కోచ్ మెట్ల వైపు చూశాడు. నా వైపు చూశాడు. 'సరే. రెండు చేతులతో పట్టుకో' అన్నాడు."

వెర్లిన్ వెన్న పొట్లాన్ని ఉప్పు సీసా పక్కన పెట్టి, ఒక్క వేలితో ఆనించి పట్టుకున్నాడు.

"ఒక చేత్తో పట్టుకున్నాను. రెండో చెయ్యి మా నాన్నకి ఊపాలని."

రోలీ కప్పులోకి చూస్తున్నాడు.

"ఇన్నేళ్లూ ఆయన నోరు విప్పలేదు. నేను కూడా విప్పలేదు. ఒక్కసారి, నేను మంచు ఎత్తుతుంటే అరుగు మీదికొచ్చి, 'వెర్లిన్, పార రెండు చేతులతో పట్టుకో' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. అంతే, దాని గురించి మేం మాట్లాడుకున్నది అంతే."

"ఇప్పుడెందుకురా ఇదంతా?" అన్నాడు ఎల్డన్.

"నిన్న కోచ్ ఉంటున్న వృద్ధాశ్రమానికి పోయాను. అక్కడి నర్సు చెప్పింది. సన్మానం సంగతి ఆయన రేడియోలో విన్నాడట. శనివారం పొద్దున్నే ఎర్ర కోటు తొడగమన్నాడట. తొడుక్కుని వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. కారు వస్తుందని. ఆట మొదలైనా లోపలికి రాలేదట. మనిషి అయిపోవచ్చాడు. ఈ వారం దాటడంటున్నారు. మీలో ఎవరైనా ఒకళ్లు నాతో రండి. నేను చెబితే చాలదు, నాకు తెలిసిందేగా అంటాడు. ఊరికి తెలిసిందని ఊరివాళ్లెవరైనా చెప్పాలి. ఎల్డన్, నువ్వు రా. నువ్వంటే నమ్ముతాడు. అందరికంటే ఎక్కువ తిట్టింది నువ్వే."

ఎల్డన్ చాలాసేపు ఉప్పు సీసా వైపు చూశాడు. ఒప్పుకుంటాడనే అనుకున్నాను. మనిషి చెడ్డవాడు కాదు. తర్వాత లేచి వెర్లిన్ భుజం మీద చెయ్యేశాడు.

"ఒరే వెర్లిన్, నువ్వు దేవుడిలాంటోడివిరా. ముసలాయన పోతున్నాడని ఆయన తప్పు నీ నెత్తిన వేసుకుంటున్నావు. మాకు తెలియదా? మా కళ్లతో మేమూ చూశాంగా."

"నువ్వు మెట్ల మీదున్నావురా. నేను కోచ్ పక్కన ఉన్నాను."

"అవున్రా, అవును. తిను, రొట్టె చల్లారిపోతోంది."

"పోనీ నిజమే అనుకో" అన్నాడు రోలీ నెమ్మదిగా. "కుర్రాడు అడిగితే మాత్రం, ఇవ్వడమేనా? కోచ్ అన్నాక వద్దనాలి కదా?"

"అదీ మాట!" ఎల్డన్ బల్ల మీద చరిచాడు. ఊపిరి తిరిగొచ్చినట్టయింది అందరికీ. "అడిగితే మాత్రం ఇవ్వడమేనా! తప్పెవరిది మరి?"

చెయ్యి చాచి ఆవ సాస్ సీసాని వెనక్కి, అంచుకి, దాని చోటికి జరిపాడు. ఉప్పు సీసాని మధ్యలోకి తెచ్చాడు. రోలీ వెన్న పొట్లం సర్దాడు. రెండు నిమిషాల్లో మళ్లీ శనివారం ఆటలోకి వెళ్లిపోయారు, మూడోసారి బంతి పోయినప్పుడు తప్పు ముందు వరసదా కాదా అని.

వెర్లిన్ కోటు తీసుకుని లేచాడు. ఎవరూ వెంట రాలేదు. నేనూ లేవలేదు. గోదాములో ఎనిమిదింటికి షిఫ్టు ఉందని నాకు నేను చెప్పుకున్నాను. అప్పటికి ఏడూ పది.

ఓస్ట్రాండర్ గురువారం పోయాడు. అంత్యక్రియలయ్యాక చర్చి నేలమాళిగలో పంది మాంసం బ్రెడ్డూ, చీజ్ వేసిన బంగాళదుంపలూ పెట్టారు. బల్లవాళ్లందరూ వచ్చారు. ఎల్డన్ నల్ల టై కట్టుకొచ్చాడు, పియానో టీచరమ్మ చెయ్యి పట్టుకుని "మీకేం కావాలన్నా చెప్పండమ్మా" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. తర్వాత ప్లేటు పట్టుకుని గోడ దగ్గర నిలబడి, "అన్నిట్లోనూ మంచాయనేరా, ఆ ఒక్కరోజు పడుకోబెట్టి ఉంటేనా" అన్నాడు రోలీతో. వెర్లిన్ వాళ్లకి రెండడుగుల దూరంలో కుర్చీలు మడుస్తున్నాడు. ఒక్కొక్క కుర్చీని రెండు చేతులతో పట్టుకుని మడుస్తున్నాడు.

ఇప్పుడు వెర్లిన్ పెద్ద బల్ల దగ్గర కూర్చోడు. మధ్యాహ్నం ఒంటిగా వచ్చి, గోడవైపు తిరిగి, మాంసం పులుసు గిన్నె ముందు పెట్టుకుంటాడు. జోలీన్ అడక్కుండానే పక్కన దాల్చినచెక్క రొట్టె పెడుతుంది. సగం సార్లు అది అలాగే మిగులుతుంది.

మొన్న కాలేజీలో కొత్తగా చేరిన పంతులు ఒకడు బల్ల దగ్గరికి వచ్చి, ఈ ఆవ సాస్ సీసా కథేంటని అడిగాడు. ఎల్డన్ మొదట్నుంచీ చెప్పాడు. ఇరవై సెకన్లు, నాలుగు పాయింట్లు, అన్నీ. ఆఖర్న గోడవైపు తిరిగి కూర్చున్న మనిషిని గడ్డంతో చూపించి, గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిస్తే హోటలంతా వినిపిస్తుంది.

"వీడెంత మంచోడంటే, ఆ కోచ్ చచ్చేముందు తప్పంతా తనదేనని మా అందరిముందూ అబద్ధం ఆడాడు. మేం నమ్ముతామా?"

వెర్లిన్ చెంచా గిన్నెలో ఆగింది. కాసేపయ్యాక మళ్లీ తినసాగాడు.