టైపిస్టక్కయ్య దిద్దని ముక్క

కోర్టు గోడకి ఆనుకున్న రేకుల షెడ్డులో సగం నా జిరాక్సు మిషనుది, సగం టైపిస్టక్కయ్యది. పదకొండేళ్ళుగా పక్కపక్కనే ఉన్నా ఆమె నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక పేజీ నిండదు. పని మాత్రం నిక్కచ్చి. అక్షరదోషం కనిపిస్తే దిద్దుతుంది, విషయం జోలికి వెళ్ళదు. ఒక ప్లీడరు రెండో పేరాలో చంపేసిన మనిషిని ఐదో పేరాలో సాక్ష్యానికి పిలిచాడు. అలాగే కొట్టి ఇచ్చింది. ఇదేమిటక్కా అంటే, "రాసింది కొట్టడమే మన పని. నిజానిజాలు తేల్చడానికి లోపల జడ్జిగారున్నారు" అంది.

ఆమెకి విడాకులై ఏడేళ్ళు. మొగుడు అప్పట్లో రంగుల కంపెనీలో సేల్స్‌మన్, కూతురు మూడో తరగతి. తల్లీకూతుళ్ళకి కలిపి నెలకింతని కోర్టు భరణం ఖరారు చేసింది. ఆయన ఇప్పుడు అదే కంపెనీలో మేనేజరు, జీతం నాలుగింతలు. భరణం మాత్రం ఉన్నచోటే ఉంది. కూతురు వచ్చే ఏడు కాలేజీలో చేరాలి. ఆ డబ్బు కాలేజీ బస్సుకి కూడా చాలదు. పెంచకపోతే పిల్ల చదువు అంతటితో సరి.

అందుకని ఆయన జీతం కాగితం ఎలాగో సంపాదించి, భరణం పెంచమని తన పిటిషను తనే కొట్టుకుంది. ఇతరుల కోసం వందసార్లు కొట్టిన పిటిషనే కాబట్టి అరగంటలో అయిపోయింది. 'నిస్సహాయురాలిని' అన్న మాట దగ్గర మాత్రం ఆమె వేళ్ళు ఆగాయి. కాసేపటికి అదీ కొట్టింది.

నెల తిరిగాక అవతలి ప్లీడరు గుమాస్తా ఒక చిత్తుప్రతి తెచ్చి ఆమె బల్ల మీద పడేసి, "సాయంత్రానికి కావాలమ్మా" అని వెళ్ళిపోయాడు. అది ఆమె పిటిషనుకి ఆమె మాజీ మొగుడి జవాబు, అంటే కౌంటరు. ఆ గుమాస్తా పేర్లు చదివే రకం కాదు.

"తిప్పి పంపించెయ్యక్కా," అన్నాను.

"ఎందుకూ? ఎవరిదైనా పేజీ రేటు ఒకటే."

ఆ ప్లీడరుకి ఒళ్ళు బద్ధకం. ఏడేళ్ళ నాటి కౌంటరే పైకి తీసి తేదీలు మార్చాడు. పిల్ల మూడో తరగతి చదువుతోందనీ, ఖర్చులు స్వల్పమనీ అందులో అలాగే ఉంది. అక్కయ్య ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత రెండు అక్షరదోషాలు దిద్ది, మూడో తరగతిని మూడో తరగతిగానే ఉంచి, డబ్బులు పుచ్చుకుంది. గుమాస్తా ఆ కాగితాలు పట్టుకెళ్ళి, కారు కిటికీలోంచే ఆ మాజీ మొగుడి చేత సంతకం పెట్టించుకున్నాడు.

వాయిదా రోజు కొట్టు మూసి నేనూ వెళ్ళాను. అక్కయ్య కూతుర్ని వెంట తెచ్చింది. పిల్ల తల్లిని మించి జానెడు ఎదిగింది. జడ్జిగారు కౌంటరు చదివి తలెత్తారు.

"మీ అమ్మాయి ఏం చదువుతోందండీ?"

పిల్ల నాన్న వైపు చూసింది. ఆయన తన ప్లీడరు మొహం చూశాడు. ప్లీడరు కాగితం మీద వేలు పెట్టి చూపించాడు.

"మూడో తరగతండీ."

"నువ్వు చెప్పమ్మా."

"పదో తరగతండీ," అంది పిల్ల.

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నేనే. భరణం మూడింతలు చేస్తూ ఆర్డరు చెప్పడానికి జడ్జిగారికి పది నిమిషాలు పట్టింది.

బయటికొచ్చాక సంతోషం పట్టలేక నోరు జారాను.

"ఆ మూడో తరగతి మీ అమ్మే స్వయంగా కొట్టింది, తెలుసా!"

పిల్ల మెట్ల మీదే ఆగిపోయింది.

"నీకు ముందే తెలుసా అమ్మా?"

"తెలుసు."

"నాన్న అందరి ముందూ అలా అంటాడని కూడానా?"

"అంటాడనే నిన్ను తీసుకొచ్చాను. నీ చదువు కోసమే."

"నాకో మాట చెప్పాల్సింది," అంది పిల్ల. "అప్పుడు నేను నాన్న వైపు చూసేదాన్ని కాదు కదమ్మా."