కచేరీకి ముందు రెండు మాటలు

మా ఏలూరులో నా మాటని ఎవరూ ఉన్నదున్నట్టు పుచ్చుకోరు. మూడొంతులు తీసేసి, మిగిలిన దాంట్లో కూడా కాస్త తరుగు పట్టుకుని, అప్పుడు నమ్ముతారు. తప్పు వాళ్ళది కాదు. కొల్లేటి దోమ ముక్కుతో గోనెసంచులు కుట్టుకోవచ్చునని చెప్పినవాణ్ణి నేను. మోటారు బస్సులో పక్కనున్న దెందులూరు దాకా వెళ్ళివచ్చి, కాశీకి పోయివచ్చినవాడిలా నెల్లాళ్ళు వర్ణించినవాణ్ణి. ఈ విద్య వల్ల నాకు పిలుపులెక్కువ. పెళ్ళిళ్ళలో, సన్మానాల్లో, ఆఖరికి ఒక సంతాపసభలో కూడా "రెండు మాటలు చెప్పండి" అని నన్నే లేపారు. పోయినవారి తమ్ముడు కూడా ఆ సభలో నవ్వాడు.

ఆ రెండు మాటలతోనే నేనొక మనిషి గొంతు నొక్కాను.

కలిదిండి వైపు ఒక సంగీతం మేష్టారు ఉండేవారు. అప్పటికి యాభై దాటాయి. తంబురా పక్కన కూర్చుంటే ఏది తంబురాయో తేల్చుకోవడానికి తేరిపార చూడవలసివచ్చేది, అంత సన్నం. పెళ్ళి కావలసిన ఆడపిల్లలకి పాట నేర్పడం ఆయన వృత్తి. పెళ్ళిచూపులకి రెండు కీర్తనలు చాలు. సంబంధం ఖాయం కాగానే ఆయనకి పంచెల చాపు పెట్టి సెలవిచ్చేవారు. ముప్పై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో ఆ రెండు కీర్తనలే నేర్పుతున్నారు. మూడోదాకా వచ్చిన పిల్ల అరుదు. ఎవరైనా వస్తే, ఇంకా సంబంధం కుదరలేదని, మేష్టారి హస్తవాసి మంచిది కాదనేవారు.

నిజానికి ఆయనకి వచ్చినవి వందలు. తోడి రాగం ఎత్తుకుంటే గంట దాటేదట. అది తెల్లవారుజామున ఇంట్లో ఒక్కరూ కూర్చుని పాడుకునేవారట. ఈ సంగతి చెప్పింది మా ప్లీడరు గారు. ఆయనకి కలిదిండి అత్తవారి ఊరు. ప్రాక్టీసు బొత్తిగా లేకపోవడం వల్ల సంగీతజ్ఞానం పుష్కలంగా సంపాదించినవారు.

ఒకమాటు చెన్నపట్నంలో పెద్ద సంగీత సభ కార్యదర్శి ఒకాయన మా ఊళ్ళో బంధువులింటికి వచ్చారు. ఆదివారం ఆరున్నర బండికి తిరుగు ప్రయాణం. ప్లీడరు గారు ఆయన గడ్డం పట్టుకుని బతిమాలి, నాలుగున్నర నుంచి ఆరింటిదాకా మేష్టారి పాట వినడానికి ఒప్పించారు. నచ్చితే పట్నంలో ఉత్సవాలకి ఒక కచేరీ. మేష్టారి ముప్పై ఏళ్ళూ ఆ గంటన్నరలో పట్టాలి.

మేష్టారు కొల్లేటి మీద తాటిదోనెలో వచ్చారు. తంబురాకి తడి తగలకుండా కండువా దానికి చుట్టి, తాను తడిసి వచ్చారు. కచేరీ గ్రంథాలయం హాల్లో. మా ఊరి తివాచీలు నేసే సాయిబు గారొకరు వేదిక మీదికి మంచి తివాచీ ఒకటి అరువిచ్చి, చెప్పులతో ఎవరు తొక్కుతారోనని కాపలాకి గోడవార కూర్చున్నారు.

మేష్టారు నా దగ్గరికి వచ్చారు. "ఏవండీ, నా గురించి చెప్పేది తమరేనటగా. పెద్దగా చెప్పడానికేం లేదండి. కలిదిండి నుంచి వచ్చాడు, పాడతాడు, అంతేనండి. తోడి కొంచెం నిదానంగా పాడుకోవాలని ఉందండి."

"తమరేం బెంగపెట్టుకోకండి. రెండే రెండు మాటలు," అన్నాను.

కార్యదర్శి గారు అయిదుకి పది నిమిషాలుండగా వచ్చారు. నేను లేచాను. మేష్టారి హస్తవాసి గురించీ, పెళ్ళిచూపుల కీర్తనల గురించీ మొదటి మాట అన్నాను. కార్యదర్శి గారు తొడ చరుచుకుని నవ్వారు. అది మామూలు నవ్వు కాదు, పైకప్పు పెంకులు లేచి మళ్ళీ వాటి చోట వాలాయి. ఇంక నన్నెవరు ఆపుతారు? మేష్టారు పాడితే కొల్లేటి కొంగలు చేపని ముక్కున పట్టుకుని మింగడం మరిచిపోతాయన్నాను. ఆ ప్రాంతపు పెళ్ళికొడుకులందరికీ ఆ రెండు కీర్తనలే కంఠతా వచ్చుననీ, తెల్లవార్లూ పెళ్ళాం పక్కనుంచి పాడుతుంటే వాళ్ళ గతి ఏమిటనీ అన్నాను. ప్లీడరు గారు వెనకనుంచి నా కండువా లాగారు.

"చాలండీ! టైమవుతోంది."

"ప్లీడరు గారు అలవాటు చొప్పున వాయిదా అడుగుతున్నారు," అన్నాను. హాలు గొల్లుమంది.

మేష్టారు మొదట్లో తానూ నవ్వారు. తరువాత తంబురా శ్రుతి చూసుకున్నారు. మళ్ళీ చూసుకున్నారు. ఆ తరువాత తీగల మీద వేళ్ళుంచి ఊరికే కూర్చున్నారు. గోడ గడియారం నాకెదురుగానే ఉంది. అయిదున్నర చూశాను. ఇంకొక్కటి చెప్పి కూర్చుందామనుకున్నాను. కూర్చునేసరికి ఆరుకి పావు తక్కువ. యాభై అయిదు నిమిషాలు. ఇందులో ఒక్క నిమిషం కూడా నేను పెంచి చెప్పడంలేదు.

ఇంకొకరైతే చిన్న కీర్తన ఒకటి చురుగ్గా అందుకుని ఆ పావుగంటా దక్కించుకునేవారు. మేష్టారికి ఆ తెలివి లేదు. తోడి ఎత్తుకున్నారు, అదీ నిదానంగా. ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నారు, జట్కా వచ్చిందని కబురొచ్చింది. కార్యదర్శి గారు లేచి వేదిక వైపు ఒక నమస్కారం పడేసి, నా చెయ్యి పట్టుకున్నారు.

"అద్భుతమండీ! పొట్ట చెక్కలయింది. మా ఉత్సవాలకి మీరు రావాలి. ఉత్తరం వ్రాస్తాను."

"అయ్యా, పాట..."

"ఆయనదా? బాగానే ఉందండి. పెళ్ళిచూపులకి..." అని, నా మాటే గుర్తొచ్చి మళ్ళీ పడిపడి నవ్వారు.

ఆయన్ని రైలెక్కించడానికి ఊరి పెద్దలందరూ వెళ్ళారు. వాళ్ళ వెనక మిగతావాళ్ళు వెళ్ళారు. హాల్లో ప్లీడరు గారూ, నేనూ, ఫిడేలాయనా, మృదంగమాయనా, సాయిబు గారూ మిగిలాం.

మేష్టారు పాట ఆపారు. చెప్పుల చప్పుడు వీధి మలుపు దాటేదాకా ఆగారు. అప్పుడు తోడి మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకున్నారు.

కళ్ళు మూసుకోలేదు. ఖాళీ బెంచీల వైపు చూస్తూ పాడారు. గొంతు సన్నమే. కాని ఒక స్వరం మీద నిలిస్తే, దానికి ఇంకెక్కడికీ వెళ్ళవలసిన పని లేనట్టుండేది. అక్కడినుంచి కదిలినప్పుడు, ఇన్నాళ్ళూ ఇటు రావాలని మనకెందుకు తోచలేదా అనిపించేది. ఫిడేలాయన రెండుసార్లు వాయించడం మాని విన్నాడు. సాయిబు గారు సాయంత్రం నమాజుకి లేచి వెళ్ళి, తిరిగివచ్చి అదే చోట కూర్చున్నారు. దీపాలు పెట్టి చాలాసేపయ్యాక మేష్టారు మా అయిదుగురికీ మంగళం పాడి, తంబురాకి కండువా చుట్టుకున్నారు.

"మేష్టారూ, నా వల్ల..." అన్నాను.

"అయ్యో, అదేం లేదండి. అందరూ చక్కగా నవ్వారండి. ఆ కొంగల సంగతి ఒక్కటే నిజం కాదండి. నేను పాడితే అవి లేచిపోతాయి."

పట్నం నుంచి ఉత్తరం నాకు వచ్చింది. వెళ్ళలేదని వ్రాయగలిగితే బాగుండును. వెళ్ళాను. అక్కడ వేదికెక్కి, కలిదిండిలో ఇలాంటి గాయకుడున్నాడు, పిలిపించండి అని నిజం చెప్పాను. జనం విరగబడి నవ్వారు. సభ అయ్యాక ఒక పెద్దమనిషి వచ్చి, "ఆ మేష్టార్ని భలే కల్పించారండీ!" అని మెచ్చుకున్నాడు. కార్యదర్శి గారు పక్కనే ఉన్నారు. ఆయనా కాదనలేదు.

మేష్టారు కిందటేడు పోయారు. ఆయన తోడి గురించి ఈ ఊళ్ళో ఎవరితో ఎత్తినా "ఇందులో ఎంత తీసెయ్యమంటారండీ?" అంటారు. మొన్న బజార్లో నలుగురి ముందూ సాయిబు గారిని నిలేశాను. "ఏవండీ, మీరు విన్నారు కదా. మీరైనా చెప్పండి."

ఆయన భుజం మీది తివాచీ చుట్ట కిందికి దించారు.

"నేను తివాచీ గురించి చెబితే నమ్ముతారండి. పాట గురించి తమరు చెప్పాలి," అన్నారు.

నలుగురూ నా వైపు తిరిగారు. నేను నోరు తెరవకముందే వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు.